614 నంబరు పళ్ళు

"కాదు అక్సా బిడ్డా, 'మా తాత' అని షురూ చెయ్యకు. లూకా అని రాయి. ఎవరో ఒక లూకా. మౌలాలిల ఉంటడు, పళ్ళ ల్యాబుల పనిచేస్తడు, గంతే. నువ్వు కాలేజీల రాసే తెలుగులనే మంచిగ రాయి. మనుషులు మాట్లాడే కాడ మాత్రం మన మాటలు మనలెక్కనే ఉంచు. నేను నిమ్మలంగ చెప్త, తొందర పెట్టకు. ఎక్కడిదాంక వచ్చినం? ఆఁ, బస్సు దిగిండు. రాయి."

లూకా మారేడ్‌పల్లిలో బస్సు దిగి ల్యాబుకు చేరేసరికి రోజూ తొమ్మిదిన్నర అయ్యేది. డెబ్బై ఒకటో ఏట ఈ మనిషికి పనెందుకని కొడుకు రోనాల్డ్ అడుగుతూనే ఉంటాడు. కొడుకు రైల్వే ఆఫీసుకు, కోడలు సుకన్య బ్యాంకుకు, మనవరాలు కాలేజీకి వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఒక గోడ గడియారం, తనూ మిగులుతారు. భార్య పోయాక ఆ గడియారం చప్పుడు మరీ పెద్దదైంది. ల్యాబులో అయితే కనీసం నోళ్ళుంటాయి. మాట్లాడని నోళ్ళే. అయినా నోళ్ళే కదా.

అతని పని తెలియని వాళ్ళ కోసం చెప్పాలి. పళ్ళ డాక్టర్లు పేషెంటు నోట్లో మెత్తటి ముద్ద పెట్టి, అది గట్టిపడ్డాక తీసి ల్యాబుకు పంపుతారు. దాన్ని కొలత అంటారు. అందులో పళ్ళు దిగిన చోటల్లా గుంటలుంటాయి. ఆ గుంటల్లో లూకా ప్లాస్టర్ పోస్తాడు. బుడగలు నిలవకుండా వణికే బల్లమీద పెట్టి, వేలితో మెల్లగా తడుతూ పోస్తాడు. ఆరాక ముద్ద ఊడదీస్తే, ఎవరివో ఏమో తెలియని పళ్ళు వరుసగా, తెల్లగా బల్లమీదికి వచ్చి కూర్చుంటాయి. వాటికి పేరుండదు. అడుగున పెన్సిలుతో ఒక నంబరు. నలభై ఐదేళ్ళుగా లూకా చేస్తున్నది ఇదే. నాలుగో తరగతితో బడి మానేసిన మనిషికి అక్షరాలు అంతంతమాత్రం. పళ్ళు మాత్రం బాగా చదువుతాడు. వీడు ఒకవైపే నములుతాడు, ఈమె నిద్రలో పళ్ళు కొరుకుతుంది, ఈ పిల్లవాడు ఇంకా బొటనవేలు చీకుతున్నాడు. అన్నీ చెప్పేస్తాడు.

పోయిన ఆగస్టులో ఒకరోజు సైనిక్‌పురి వైపు నుంచి ఒక కొత్త క్లినిక్ కొలత వచ్చింది. లూకా పోశాడు. ఆరింది. ఊడదీశాడు. పై వరుస ఎడమవైపు కోరపన్ను ఎత్తుగా, చిగుళ్ళ మీదికి ఎక్కి ఉంది. దాని పక్కనున్న చిన్న పన్ను సగం తెరిచిన తలుపులా అడ్డం తిరిగి ఉంది.

లూకా చేతిలోది బల్లమీద పెట్టాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ చూశాడు.

ఆ పన్ను దానంతటది అలా తిరగలేదు. ఎవరో తిప్పితే తిరిగింది. తిప్పింది తనే.

"తాతా, చీటీ చదువుతా వినుర్రి," అన్నాడు తిరుమల్. ల్యాబు ఇప్పుడు అతనిదే. తండ్రి కాలం నుంచి ఉన్న మనిషి కాబట్టి లూకాను తాతా అంటాడు. "నంబరు ఆరు వందల పద్నాలుగు. ఫిమేల్, ముప్పై తొమ్మిది. మెటల్ క్లిప్పులు వద్దంట. పంటి రంగువి ఉంటయ్ కదా, సిరామిక్, అవి సుత వద్దంట. పళ్ళ ఎనక పెడ్తమంటే మాట నత్తి వస్తదని అవి సుత వద్దన్నదంట. టీచరంట. ఎవ్వలకూ తెల్వద్దంట. గందుకే కనపడని ట్రేలు. ఇరవై నాలుగు ట్రేలు అయితయ్ తాతా. ఏడాది పని."

"ఎవ్వలకూ తెల్వద్దన్నదా?" అన్నాడు లూకా.

"డాక్టరమ్మ రెండు గీతలు గీసి రాసింది. ఇంట్ల వాళ్ళకు సుత తెల్వద్దంట. ఇంట్ల వాళ్ళకు తెల్వకుంట ఏడాది పళ్ళు ఎట్ల దాస్తదో మరి!"

దాస్తుంది. లూకాకు తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా దాస్తూనే ఉంది.

ఆమె లూకా కూతురు దేవకృప. సైనిక్‌పురిలో ఒక ఇంటి వెనక పోర్షన్‌లో ఒంటరిగా ఉంటుంది, అక్కడే బడిలో లెక్కలు చెబుతుంది. తండ్రి మారేడ్‌పల్లిలో పనిచేస్తాడని తెలుసు కాబట్టే ఇటువైపు రాకుండా అక్కడే ఆ క్లినిక్ చూసుకుని ఉంటుంది. ఆ క్లినిక్ కొలతలు తిరిగి తిరిగి తండ్రి బల్లమీదికే వస్తాయని ఆమెకు ఎలా తెలుస్తుంది?

పదమూడేళ్ళప్పుడు కృప చర్చి కొయిర్‌లో ముందు వరుసలో నిలబడి పాడేది. ఆ వయసులోనే కోరపన్ను ఎత్తుగా రావడం మొదలైంది. "డాడీ, నాకు క్లిప్పులు పెట్టించవా?" అని అడిగింది. అప్పటికే లూకా ఎందరి పిల్లలకో ప్లేట్లు చేసి ఉన్నాడు. ప్లేటంటే అంగిలికి అతుక్కునే గులాబి రంగు బిళ్ళ, దానికి పంటిని నెట్టే సన్నటి తీగ. డాక్టర్లు కాగితం మీద గీసి పంపేవాళ్ళు, లూకా వంచి చేసేవాడు. గీసేది వాళ్ళయినా చేసేది నేనే కదా, నా బిడ్డకు ఇంకొకరు గీసి ఇవ్వాలా అనుకున్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి కృప నోట్లో ముద్ద పెట్టి కొలత తీశాడు. పిల్ల కక్కుకోబోయింది, మళ్ళీ నవ్వింది. తండ్రి చేతులంటే అంత నమ్మకం.

ఎనిమిది నెలలు పెట్టుకుంది. తీగ లాగాల్సిన పన్నును లాగలేదు. పక్క పన్నును తిప్పేసింది.

ల్యాబుకు వచ్చే పెద్ద డాక్టరు ఒకరోజు కృపను అక్కడే చూశాడు. నోరు తెరిపించి చూసి, "ఏందయ్యా లూకా, ఇది ఎవరు చేసిండ్రు?" అన్నాడు. చుట్టూ నలుగురు పనివాళ్ళు ఉన్నారు. లూకా సామాన్యంగా ఏ మాటకైనా ఆలోచించి, ఆగి జవాబు చెప్పే మనిషి. ఆ ఒక్కరోజు మాత్రం జవాబు తొందరగా వచ్చేసింది.

"ప్లేటు మంచిగనే ఉంది సార్. పిల్లే సరిగ్గ పెట్టుకోలే."

కృప తండ్రి వైపు చూసింది. ఇంటికొచ్చి ప్లేటు కడిగి, తుడిచి, తండ్రి దిండు పక్కన పెట్టింది.

ఒకసారి అన్న మాటను నిలబెట్టుకోవడానికి పదిసార్లు అనాల్సి వచ్చింది. భార్యతో అన్నాడు, అత్తగారితో అన్నాడు, చర్చిలో ఎవరడిగినా అన్నాడు. మాట వినదు, తీసి పక్కన పెడ్తది, ఏం చెయ్యాలె? తను పోయేదాకా కృప తల్లి అదే నిజమనుకుంది. కృప కొయిర్‌లో వెనక వరుసకు జరిగింది, తర్వాత పాడటమే మానేసింది. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. సంబంధాలకు పెదాలు మూసుకున్న ఫోటో ఇచ్చేది. కొన్నాళ్ళకు ఫోటో ఇవ్వడమూ ఆపేసింది. ఇంట్లో ఎవరూ ఆ ప్లేటునూ, పెళ్ళి కాకపోవడాన్నీ కలిపి ఆలోచించలేదు. లూకా ఆలోచించాడు గానీ, ఎవరికీ చెప్పలేదు.

అందుకే ఆ ఆగస్టు రోజు, ట్రేల పని మొదలు కాకముందే, తిరుమల్ దగ్గరికి వెళ్ళి, "గా ఆరు వందల పద్నాలుగు అంచుల పని నాకియ్యి," అన్నాడు.

"మీకెందుకు తాతా గంత తక్లీఫ్? మిషను చేస్తది కదా."

"మిషనుకు నాలుక ఉండదు. అంచు గరుకుంటే దానికేం తెలుస్తది?"

"అబ్బో! ఆరు వందల పద్నాలుగు మీద గంత ప్రేమేంది? హీరోయినా?" తిరుమల్ నవ్వాడు. లూకా కూడా నవ్వినట్టు ముఖం పెట్టాడు.

రెండు వారాలకు ఒక ట్రే. గాజులా ఉండే పల్చటి ప్లాస్టిక్కు, పళ్ళకు తొడిగితే దగ్గర నుంచి చూసినా తెలియదు. లూకా ప్రతి ట్రే అంచునూ సన్నటి బ్రష్షుతో అరగదీసి, తన మణికట్టు లోపలి మెత్తటి చర్మం మీద రుద్ది చూసుకునేవాడు. గీరుకోకపోతేనే కవరులో పెట్టేవాడు. ఒక్కో ట్రేకు ఆ పన్ను వెంట్రుక మందం వెనక్కి తిరుగుతోంది. తలుపు మెల్లమెల్లగా మూసుకుంటోంది. ఇంట్లో రోజంతా ఎవరితోనూ పది మాటలు మాట్లాడని మనిషి ఆ ట్రేతో లోలోపల మాట్లాడేవాడు. ఇయ్యాల జెర గుంజుతది బిడ్డా. రేపటికి తగ్గుతది.

కృప ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఫోను చేసేది. బీపీ గోలీ వేసుకున్నవా, వేసుకున్న, రోనాల్డ్ ఉన్నడా, బయటికి పోయిండు. అంతే, రెండు నిమిషాలు. ఇప్పుడు లూకా ఆ రెండు నిమిషాలూ చెవి రిక్కించి వినేవాడు. కొత్త ట్రే వేసుకున్న వారం ఆమె మాట కొంచెం దిద్దుకుంటున్నట్టు వచ్చేది. ఒకసారి ఉండబట్టలేక, "ఇయ్యాల కిచిడీ చేసుకో బిడ్డా, మెత్తగ," అన్నాడు.

"కిచిడీ ఎందుకు?"

"ఊర్కెనే. చలికాలం కదా."

"ఏందో డాడీ నువ్వు," అంది కృప. ఆ గొంతులో చిన్న నవ్వు ఉంది. ఆ నవ్వును లూకా బుధవారం దాకా దాచుకున్నాడు.

జనవరిలో భార్య మూడో ఏడాది జ్ఞాపకార్థ కూడిక వచ్చింది. మౌలాలి ఇంట్లోనే మధ్యాహ్నం ప్రార్థన, తర్వాత భోజనాలు. పాస్టరు గారు, చర్చి వాళ్ళు, చుట్టాలు కలిసి నలభై మంది దాకా వచ్చారు. కృప నీలం చీరలో వచ్చి తల్లి ఫోటో పక్కన కూర్చుంది. పాటలప్పుడు పెదాలు కదిపింది గాని గొంతు వినపడలేదు.

తర్వాత బగారా అన్నం, మటన్ వడ్డించారు. కృప ప్లేటు పట్టుకుని ఒకచోట నుంచి ఇంకోచోటికి తిరుగుతోంది. ట్రే తీస్తే గాని తినడానికి లేదు. అందరి ముందూ తీయలేదు. బాత్రూము దగ్గర మనుషులు వరుస కట్టి ఉన్నారు. ఇవన్నీ ఆ ఇంట్లో లూకా ఒక్కడికే అర్థమవుతున్నాయి.

"ఏంది వదినా, మెతుకు ముట్టలే?" అంది సుకన్య. "నేను వండిన అన్నం నచ్చలేదా, లేకుంటే సన్నబడుతున్నవా?"

"టీచర్లు గాలి తిని బతుకుతరు," అన్నాడు రోనాల్డ్. పక్కనున్న వాళ్ళు నవ్వారు. కృప కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

లూకా వంటింట్లోకి వెళ్ళాడు. మూతున్న చిన్న స్టీలు డబ్బా వెతికి, వేడినీళ్ళతో కడిగి, శుభ్రంగా తుడిచాడు. లోపలి గదిలో బల్లమీద డబ్బా, గ్లాసుడు నీళ్ళు, చేతి అద్దం పెట్టాడు. బయటికొచ్చి కృప మోచెయ్యి తాకి, "ఒక్క నిమిషం రా బిడ్డా," అన్నాడు. గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

"తీసి ఈ డబ్బల పెట్టుకో. టిష్యూల చుట్టకు, ఎవలన్న చెత్త అనుకొని పారేస్తరు. నువ్వు తినేదాంక నేను తలుపు కాడ నిలబడ్త. ఎవ్వల్ని రానియ్య."

కృప డబ్బా వైపు చూసింది, అద్దం వైపు చూసింది.

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

ఇక్కడ లూకా చేసిన తప్పు చెప్పాలి. ఆమె ముఖం చూసి కూడా అతనికి అర్థం కాలేదు. తను చేసిన పని చెబితే ఆమె సంతోషిస్తుందనుకున్నాడు. నలభై ఐదేళ్ళు ఒకే పని చేసిన మనిషికి, ప్రేమ చూపించడమన్నా మంచి పనితనం చూపించడమన్నా ఒకటే అనిపిస్తుంది.

"ఎవ్వలు చెప్పలే. కొలత నా కాడికే వచ్చింది. పోసింది నేనే. అంచులు సుత నేనే తీస్తున్న, ఒక్కొక్కటి. యాడన్న గుచ్చుకున్నదా చెప్పు? గుచ్చుకోదు. చూసి చూసి తీసిన."

కృప ప్లేటును మెల్లగా బల్లమీద పెట్టింది.

"అయితే మళ్ళ నా నోట్ల చెయ్యి పెట్టినవన్నమాట."

"గట్ల కాదు బిడ్డా..."

"ముప్పై తొమ్మిదేండ్లు డాడీ నాకు. ఈ ఒక్కటి నా అంతట నేను చేసుకుందామనుకున్న. ఎవ్వల్ని అడగకుంట, ఎవ్వలకు చెప్పకుంట. నీకైతే అస్సలు తెల్వద్దనుకున్న." ఆమె గొంతు పెంచలేదు. అవతల గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. "ఈసారి సుత పన్ను సరిగ్గ రాకపోతే ఏం చెప్తవు? పిల్ల సరిగ్గ పెట్టుకోలే అంటవా?"

లూకా నోరు తెరిచాడు. చెప్పాల్సింది రెండు మాటలు. అవి లోపల ఎక్కడో ఉన్నాయి, వస్తున్నాయి. అతనికి మాట ఎప్పుడూ ఆలస్యమే. ఆ రెండూ గొంతు దాకా వచ్చేలోపల, "లూకా గారూ, ముగింపు ప్రార్థన!" అని పాస్టరు గారు పిలిచారు. కృప తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. తల్లి ఫోటో ముందు ఒక్క క్షణం నిలబడి, చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచింది. ప్లేటులో అన్నం అలాగే ఉంది.

తర్వాతి వారం తిరుమల్ ఫోను పెట్టేసి తల గోక్కున్నాడు.

"ఆరు వందల పద్నాలుగు మన కాడికెంచి పోయింది తాతా. పేషెంటు వేరే ల్యాబు కావాలన్నదంట. పదకొండు ట్రేలు అయినంక గిదేం పరేషాన్? మనది ఏమన్న తప్పయిందా?"

"మనది కాదు," అన్నాడు లూకా. "నాది."

తిరుమల్ అతని వైపు చూసి లోపలికి వెళ్ళాడు.

ఆదివారాలు వచ్చాయి. ఫోను రాలేదు. లూకా చర్చి నుంచి వచ్చి, ఫోను మోకాలి మీద పెట్టుకుని, అన్నం చల్లారిపోయేదాకా కూర్చునేవాడు. తనే చేస్తే అటువైపు మోగి మోగి ఆగిపోయేది. బల్లమీదికి కొత్త నోళ్ళు వచ్చాయి. ప్లాస్టర్ పోశాడు, చెక్కాడు, నంబర్లు వేశాడు. ఎవరితోనూ లోలోపల మాట్లాడలేదు. పన్నెండో ట్రే ఎలా ఉందో, అంచు ఎవరు తీశారో, అసలు తీశారో లేదో.

మార్చిలో ఒక సాయంత్రం ఉండబట్టలేక బస్సెక్కి సైనిక్‌పురి వెళ్ళాడు. బడికి ఎదురుగా కిరాణా కొట్టు ముందు నిలబడ్డాడు. బడి వదిలారు. పిల్లలంతా పోయాక ఇద్దరు టీచర్లతో కృప బయటికొచ్చింది. వాళ్ళలో ఒకామె ఏదో అంది. కృప నవ్వింది.

లూకా కళ్ళు ఆ పని కోసమే పుట్టిన కళ్ళు. రోడ్డుకు ఇవతల నుంచి, ఒక్క క్షణంలో చూశాడు. ఆ పన్ను సగానికి పైగా తిరిగొచ్చింది. బాగుంది. ఎవరో మంచిగానే చేస్తున్నారు. కాని ఆ క్షణం అయిందో లేదో, ఆమె చెయ్యి ఎప్పటిలాగే లేచి నోటికి అడ్డం వచ్చింది.

పన్ను జరిగింది. చెయ్యి జరగలేదు.

లూకా పిలవలేదు. ఆమె ఆటో ఎక్కేదాకా చూసి, తిరుగు బస్సు ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఒకటే ఆలోచించాడు. ఆ చెయ్యి దాస్తున్నది పంటిని కాదేమో. నలుగురిలో తండ్రి తనమీద వేసిన మాటను దాస్తోంది. పంటిని సరిచేసే ట్రేలు ఇరవై నాలుగు ఉన్నాయి. ఆ మాటను వెనక్కి తీసుకోవలసింది మాత్రం వేసినవాడే. ఎదురుగా నిలబడితే మళ్ళీ మాట ఆలస్యమవుతుంది, మళ్ళీ ఎవరో పిలుస్తారు, ఆమె వెళ్ళిపోతుంది. అక్షరాలు రాయడమా, రాదు. ఇంట్లో రాయగలిగిన పిల్ల ఒకతి ఉంది.

"రాసినవా బిడ్డా? ఏడుస్తున్నవా? ఏడ్వకు, ఇంకొక జెర ఉంది. ఇది నేను ఎట్ల చెప్తే గట్లనే రాయి, దిద్దకు.

"కృపా, ఆ ప్లేటు నువ్వు ఒక్క దినం సుత తియ్యలే. నాకు ఎరుకే. పండుకున్నప్పుడు సుత నీ నోట్లనే ఉండేది, పొద్దుగాల నేను చూసేటోణ్ణి. నువ్వు సరిగ్గనే పెట్టుకున్నవ్. తీగ నేను తప్పు వంచిన. డాక్టరును అడగాలె, అడగలే, నాకే అంత వస్తదనుకున్న. తప్పు నాదని తెలిసి నీమీద వేసిన. మీ అమ్మకు సుత అబద్ధమే చెప్పిన. ఆమెకు ఇగ చెప్పలేను. రోనాల్డ్‌కు, సుకన్యకు నిన్ననే చెప్పిన. వచ్చే ఆదివారం చర్చిల పాస్టరు గారికి చెప్త, ఆనాడు నేనెవలెవలకు చెప్పిన్నో వాళ్ళల్ల ఇంక బతికున్నోళ్ళకు చెప్త. నువ్వు ఫోను చెయ్యకున్నా మంచిదే. ఆ ట్రేలు ఎవల కాడ చేపించుకున్నా మంచిదే. నా కాడికి పంపకు.

"గంతే బిడ్డా. ఇగ చాలు. నా ఫోన్ అయితే మీ అత్తమ్మ ఎత్తదు, నీదైతే ఎత్తుతది. మెసేజ్ చెయ్యకు, అది సగం చదివి పక్కన పెడ్తది. ఫోన్ చేసి, బడి అయిపోయినంక, ఇంటికి పోయి చాయ్ తాగినంక, మొదటికెళ్ళి ఆఖరు దాంక మీ అత్తమ్మకు చదివి వినిపియ్యి. నిమ్మలంగ చదువు. నడుమ ఫోన్ పెట్టేస్తే, ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకొని, రేపు అక్కడికెళ్ళే మళ్ళ చదువు."